‘ఉధర్’ అంటే ఎక్కడ?

మన ఇళ్లలో ఒంటికి మూడే భాగాలున్నాయి. సర్, పేట్, ‘ఉధర్’. తెలుగు మాట్లాడే ఇళ్లలో అయితే తల, కడుపు, ‘అక్కడ’. ఛాతీలో ఏ మూల నొప్పి పుట్టినా ‘కలేజే మే దర్ద్’. పక్కటెముకల నుంచి గజ్జల దాకా ఎక్కడ పుట్టినా ‘పేట్ మే దర్ద్’. ఇంకాస్త కిందికి దిగితే గొంతు తగ్గిపోతుంది, చూపు నేల మీదికి పోతుంది, ‘ఉధర్’ అన్న ఒక్క మాట బయటికొస్తుంది.

ఇది చదివి కొందరు బుజుర్గులకు కోపం వస్తుంది. రానివ్వండి. పిల్లలకు ఒంటి భాగాల పేర్లు నేర్పకపోవడానికి మనం హయా అని పేరు పెట్టుకున్నాం. దాని అసలు పేరు జహాలత్. ఈ జహాలత్‌కి కిరాయి మన ఆడవాళ్లు, మన పిల్లలు కడుతున్నారు.

ముందు కడుపు సంగతి చూద్దాం. తెలుగులో ‘కడుపు’ అంటే అన్నం పడే సంచీ, పొట్ట మొత్తం, గర్భం కూడా. ‘పేట్’ పరిస్థితీ అంతే. డాక్టరుకి ఆ ఒక్క మాట సరిపోదు. డాక్టర్లు చదువుకునేటప్పుడు కడుపు మీద రెండు నిలువు గీతలు, రెండు అడ్డ గీతలు ఊహించుకుని తొమ్మిది గళ్లు చేస్తారు. మధ్య వరసలో పైన ఛాతీ ఎముక కింది గడి, దాని కింద బొడ్డు చుట్టూ ఉన్న గడి, దాని కింద పొత్తికడుపు. కుడిపక్క పైన పక్కటెముకల కింద ఒకటి, నడుం పక్కన ఒకటి, గజ్జకి పైన ఒకటి. ఎడమపక్కా అలాగే. మీరు చెయ్యి పెట్టి చూపించే చోటు ఏ గడిలో పడుతుందో దాన్ని బట్టి డాక్టరు ఆలోచన మొదలవుతుంది.

అపెండిక్స్ వాపు నొప్పి చాలాసార్లు బొడ్డు చుట్టూ మొదలవుతుంది. కొన్ని గంటల తర్వాత కుడి గజ్జ పైకి దిగుతుంది. అలా దిగిందని చెప్పగలిగిన పిల్లవాడు డాక్టరుకి సగం పని చేసిపెట్టినట్టే. కిడ్నీలో రాయి నొప్పి నడుం పక్క నుంచి గజ్జలోకి పాకుతుంది. పిత్తాశయంలో రాళ్లుంటే కుడి పక్కటెముకల కింద పట్టేసి, కొందరికి కుడి గూడ దాకా పోతుంది. గుండెపోటు కొందరిలో ఛాతీలో కాకుండా ఛాతీ ఎముక కింది గడిలో మంటలాగా వస్తుంది. ‘గ్యాస్ హై’ అని సోడా తాగించి పడుకోబెడతాం. నెల తప్పిన అమ్మాయికి పొత్తికడుపులో ఒక పక్కన గట్టి నొప్పి వచ్చి, భుజం కొనలోనూ నొప్పి పుడితే, పిండం గర్భసంచిలో కాకుండా గొట్టంలో నిలిచి లోపల రక్తం పోతూ ఉండొచ్చు. అది ప్రాణం మీదికొచ్చిన సంగతి. ఇవన్నీ మన ఇళ్లలో ‘పేట్ మే దర్ద్’ అనే ఒకే సంచీలో పడి ఉంటాయి.

ఆ కుడి పక్కటెముకల కింది గడి గురించి ఒక మాట. యూనానీ హకీములు ఆ చోటు కూడా కలిసిన పొట్ట మెత్తటి భాగాన్ని ‘మరాఖ్’ అన్నారు. మనిషికి పట్టే వహమ్, ఉదాసీ అక్కడి నుంచే పుడతాయని పాతకాలం వైద్యులు నమ్మారు. అందుకే ఉర్దూలో వహమ్ పట్టిన మనిషిని ‘మిరాఖీ’ అంటాం. ఇంగ్లీషువాళ్ల ‘హైపోకాండ్రియాక్’ కూడా పక్కటెముకల కింది ఆ చోటు పేరు నుంచే వచ్చింది. పిత్తాశయం రాళ్లు మగవాళ్ల కన్నా ఆడవాళ్లకే ఎక్కువ. అదే చోట నొప్పి అని ఒక ఔరత్ చెబితే ఈరోజుకీ ఇంట్లో వినిపించే జవాబేమిటి? ‘వహమ్ హై తేరా.’ వెయ్యేళ్ల నాటి తిబ్బును మనం ఈ ఒక్క విషయంలో మాత్రం బాగా గుర్తుపెట్టుకున్నాం.

ఇక ‘ఉధర్’ సంగతి. పదీ పదిహేనేళ్ల అబ్బాయిల్లో ఒక్కోసారి వృషణం మెలిపడిపోతుంది. దానికి రక్తం అందదు. సుమారు 6 గంటల్లోపు ఆపరేషన్ జరిగితే చాలామందిలో దాన్ని దక్కించుకోవచ్చు. ఆలస్యమైన కొద్దీ ఆశ తగ్గుతుంది. ఆ అబ్బాయి ఇంట్లో ఏమంటాడు? ‘అమ్మీ, పేట్ దుఖ్ రా.’ ఆ చోటు పేరు ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పలకలేదు కాబట్టి. పైగా ఆ నొప్పి పొత్తికడుపులోకి కూడా పాకుతుంది, అందుకని వాడి మాట అబద్ధం కూడా కాదు. అమ్మ వాము నీళ్లు ఇస్తుంది. నానీ దువా చదివి ఊదుతుంది. ఆరు గంటలు గడిచిపోతాయి. మన సిగ్గు ఆడపిల్లలకే నష్టమనుకునే తండ్రులు ఇది రెండుసార్లు చదవాలి.

ఆడవాళ్ల విషయంలో బాధ ఇంకా పొడుగు. రొమ్ము కేన్సర్ గడ్డలు ఎక్కువగా వచ్చేది పై–బయటి భాగంలో, అంటే చంక వైపు. చంకలోనూ గడ్డ తగలొచ్చు. ‘బగల్ మే కుచ్ హై’ అని ఆమె అనడానికే నెలలు పడుతుంది. ఆ తర్వాత ఆ మాట ప్రయాణం చూడండి. ఆమె సాస్‌కి చెబుతుంది, సాస్ కొడుక్కి చెబుతుంది, ఆ కొడుకు డాక్టరుకి తెలుగులో చెబుతాడు. డాక్టరు అడిగేది ఆమెను, జవాబిచ్చేది శౌహర్. ప్రతి మెట్టు మీదా ఒక మాట రాలిపోతుంది. ‘చంకలో గడ్డ’ కాస్తా ‘చెయ్యి నొప్పి’గా మారి, ఒక పెయిన్ కిల్లర్ చీటీతో ఇంటికొస్తుంది. ఇలాంటి చీటీలు మన మొహల్లాల్లో ఎన్ని ఇళ్ల అల్మారాల్లో ఉన్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

‘లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం కదా’ అంటారు. తీసుకెళ్లండి. లేడీ డాక్టరును అడగడం ఆమె హఖ్, అందులో ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కానీ లేడీ డాక్టరుకి కూడా ‘ఉధర్’ అంటే అర్థం కాదు. ఆమె మెడికల్ కాలేజీలో ఆ పేరుతో ఏ భాగాన్నీ చదవలేదు.

ఇప్పుడు అసలు ఏతెరాజ్‌కి వస్తాను. ‘ఇవన్నీ పిల్లల ముందు ఎలా మాట్లాడతాం? హయా ఈమాన్‌లో భాగం కదా.’ అవును, భాగమే. అయితే హయా మనకు ఎవరు నేర్పారో వాళ్ల దగ్గరే చూద్దాం. ఉమ్మె సులైమ్ (రజి) ప్రవక్త (స) దగ్గరికి వచ్చి, సత్యం విషయంలో అల్లాహ్ సిగ్గుపడడు అని మొదలుపెట్టి, ఆడదానికి నిద్రలో స్ఖలనమైతే గుస్ల్ చేయాలా అని అడిగారు. ప్రవక్త (స) ఆమెను కసరలేదు, జవాబు చెప్పారు. అన్సార్ స్త్రీలకు సిగ్గు దీన్ నేర్చుకోవడానికి అడ్డం రాలేదని ఆయిషా (రజి) వాళ్లను మెచ్చుకున్నారు. ఆ స్త్రీల హయా మీద ఎవరికైనా షక్ ఉందా?

మన దీన్‌లోకి అడుగుపెట్టే మొదటి మెట్టే ఒంటి భాగాల పేర్లు. వుజూ ఆయత్‌లో చేతులు మోచేతుల దాకా, కాళ్లు చీలమండల దాకా అని హద్దు చెప్పి ఉంది. ముఖం అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి? నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం కింది దాకా, ఈ చెవి తమ్మె నుంచి ఆ చెవి తమ్మె దాకా. మగవాడి సతర్ ఎక్కడి నుంచి? నాఫ్ నుంచి ఘుట్నా దాకా. మసీదు మక్తబ్‌లో కూర్చున్న ఏడేళ్ల పిల్లవాడు ఇది గడగడా చెబుతాడు. వాడికి తెలియకుండానే వాడు ఒంటి పటం నేర్చుకుంటున్నాడు.

ఇంకా ముందుకెళ్తే మదర్సాలో తాలిబె ఇల్మ్‌లు చదివే ‘హిదాయా’ ఉంది. తలకు, ముఖానికి తగిలే గాయాలకు అందులో పది పేర్లున్నాయి. చర్మం గీరుకుపోతే ఒక పేరు, మాంసంలోకి దిగితే ఇంకొకటి. ఎముక మీది పల్చటి పొర దాకా వెళ్తే ‘సిమ్‌హాఖ్’, ఎముక బయటపడితే ‘మూజిహా’, ఎముక విరిగితే ‘హాషిమా’, మెదడును కప్పిన పొర దాకా వెళ్తే ‘ఆమ్మా’. ఎందుకిన్ని పేర్లు? గాయానికి పరిహారం లెక్కకట్టాలి కాబట్టి. ఎక్కడ, ఎంత లోతు అనేది తేలకపోతే ఇన్సాఫ్ జరగదని ఫుఖహాకి తెలుసు. పన్నెండో శతాబ్దంలో రాసిన కితాబు అది. ఆ కితాబు చదివి సనద్ తెచ్చుకున్న మౌల్వీ సాబ్ ఇంట్లో కూడా ఆడపిల్ల ‘ఉధర్’ అనే అంటుంటే ఆ తప్పు దీన్‌ది ఎలా అవుతుంది?

మన అమ్మీలకు, నానీలకు షాదీ సామానుతో పాటు ‘బెహెష్తీ జేవర్’ ఇచ్చి పంపే రివాజ్ ఉండేది. అందులో హైజ్, నిఫాస్, గుస్ల్ మసాయిల్ పరదా లేకుండా, పేరు పెట్టి రాసి ఉన్నాయి. షాదీ రోజు చేతిలో పెట్టగలిగిన కితాబులోని మాట, అంతకు నాలుగేళ్ల ముందు మొదటిసారి హైజ్ వచ్చి భయపడి ఏడ్చిన పిల్లకు చెప్పకూడదట.

ఇక ఉర్దూలో ‘షర్మ్‌గాహ్’, తెలుగులో ‘మర్మాంగం’. ఒక భాష సిగ్గుపడే చోటు అంటుంది, ఇంకో భాష రహస్యమైన చోటు అంటుంది. ఏ చోటో రెండూ చెప్పవు. పిల్లకు నేర్పడానికి ఈ రెండు మాటలూ చాలవు. పోక్సో చట్టం 2012లో వచ్చింది. ఎక్కడ తాకితే ఏ నేరమో ఆ చట్టం అవయవాల్ని పేరుపెట్టి రాసింది. పిల్లల మీద చెయ్యి వేసేవాడు చాలాసార్లు తెలిసినవాడే, ఇంటికొచ్చిపోయేవాడే. ‘గందీ జగా’ అని మాత్రమే నేర్పిన పిల్ల, అక్కడ ఎవడో తాకితే తానే గందీ అయిపోయాననుకుంటుంది. నోరు విప్పదు. పేరు తెలిసిన పిల్ల వచ్చి అమ్మకు చెప్పే అవకాశం ఎక్కువ. పురుషాంగం, వృషణాలు, యోని, రొమ్ములు, మలద్వారం. ఈ మాటల్లో ఏదీ గాలీ కాదు. గాలీలు మన గల్లీల్లో వేరే ఉన్నాయి, అవి మాత్రం మన అబ్బాయిలకు ఆరో తరగతికే వచ్చేస్తున్నాయి. సరైన పేరు ఇంట్లో చెప్పకపోతే తప్పుడు పేరు గల్లీ నేర్పుతుంది.

రెండో ఏతెరాజ్ చదువుకున్నవాళ్లది. ‘ఏ జబాన్‌లో నేర్పాలి? తెలుగు పుస్తకంలో ఉన్నవి ఎవరికీ అర్థం కావు, ఉర్దూ ఇస్తిలాహ్‌లు ఇంకా కష్టం, ఇంగ్లీషు అసలే రాదు.’ ఇందులో నిజం ఉంది. నేను చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు. రెండు వైపులా ఈ రోగం చూశాను. తెలుగు పాఠ్యపుస్తకం మెడ కింది ఎముకను జత్రుక అంటుంది, గూడ ఎముకను అంసఫలకం అంటుంది, కటి ఎముకల గుంపును శ్రోణి మేఖల అంటుంది. ఏ తెలుగు తల్లి తన బిడ్డకు ‘నీ జత్రుక విరిగిందిరా’ అని చెప్పింది? ఉర్దూ పుస్తకం తీస్తే అక్కడ అరబీ ఎముకలు వరసగా నిలబడి ఉంటాయి.

ఈ బహస్ కొత్తది కాదు. హైదరాబాద్‌లో 1846లో మొదలైన మెడికల్ స్కూల్లో వైద్యం ఉర్దూలో చెప్పారు. 1917లో దారుల్ తర్జుమా పెట్టారు, ఆ మరుసటి ఏడాది ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది, ఆధునిక ఇల్మ్ మొత్తం ఉర్దూలోకి తేవాలని కూర్చున్నారు. ఇస్తిలాహ్‌లు ఎలా తయారుచేయాలన్న దాని మీద వహీదుద్దీన్ సలీమ్ 1921లో ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ అని ఒక కితాబే రాశారు. అంతా అరబీ మూసలోనే పోయక్కర్లేదు, ఉర్దూలో కలిసిన హిందీ, ఫార్సీ ముక్కలతో మన పద్ధతిలోనే మాటలు కట్టుకోవచ్చు అన్నది ఆయన వాదన. సాఫ్ మాట. తెలుగు పుస్తకాలు రాసినవాళ్లూ సంస్కృతం విషయంలో ఇదే వాదన విని ఉంటే బాగుండేది.

ఎందుకంటే లాటిన్ పేర్లు కూడా పుట్టినప్పుడు ఇంట్లో సామాన్ల పేర్లే. ‘పెల్విస్’ అంటే తష్త్, చేతులు కడుక్కునే పళ్లెం. ‘క్లావికిల్’ అంటే చిన్న తాళంచెవి. ‘పటెల్లా’ అంటే చిన్న రకాబీ. ‘టిబియా’ అంటే పిల్లనగ్రోవి. రోమ్‌వాడు వంటింట్లో చూసిన వస్తువు పేరు ఎముకకు పెట్టుకున్నాడు. దాన్నే మనం ఇవాళ ఏదో మంత్రంలాగా భయం భయంగా బట్టీ పడుతున్నాం. మనవాళ్లు చేసిందీ అదే. ఆ తాళంచెవి ఎముకను ఉర్దూలో ‘హస్లీ’ అంటారు. దాదీ వేసుకునే వెండి హస్లీ సరిగ్గా ఆ ఎముక మీదే కూర్చుంటుంది. ఏ డిక్షనరీ అక్కర్లేకుండా పిల్లకు అర్థమయ్యే మాట అది.

ఇంటి మాటలు పేదవి కావు. కన్‌పటీ అంటే కణత. గుద్దీ అంటే మెడ వెనక భాగం. బగల్ అంటే చంక, కోహ్నీ అంటే మోచెయ్యి, కలాయీ అంటే మణికట్టు, నాఫ్ అంటే బొడ్డు, పేడూ అంటే పొత్తికడుపు, రాన్ అంటే తొడ, పిండ్లీ అంటే పిక్క, టఖ్నా అంటే చీలమండ, ఏడీ అంటే మడమ. డొక్క, గజ్జ, గూడ, జబ్బ, ముంజెయ్యి, పిర్ర, అన్నీ మన చుట్టూ తెలుగువాళ్ల నోట్లో ఉన్నవే. మనకు రెండు భాషల సంపద ఉంది. జాగ్రత్తపడాల్సిన మాటలు కొన్నే. ‘కలేజా’ అని ఛాతీ చూపిస్తాం కానీ ఆ మాటకు అర్థం కాలేయం. ‘గుండె మంట’ అని పొట్ట మంటను చెబుతాం. ‘నరం’ అని, ‘నస్’ అని రక్తనాళాన్నీ, నాడినీ, కండరం కొసనీ కలిపేస్తాం. వీటి దగ్గర మాట కన్నా వేలు నమ్మాలి. ఒక వేలుతో చోటు చూపించమని పిల్లలకు నేర్పాలి.

బైపీసీ చదివే పిల్లల తల్లిదండ్రులకు ఇంకో మాట. నీట్ పరీక్ష 2018 నుంచి ఉర్దూలోనూ రాయొచ్చు, తెలుగులో అంతకు ముందు నుంచే ఉంది. కానీ ఏ భాషలో రాసినా లోపల చోటు తెలియాలి. ‘పాప్లిటియల్’ అని వందసార్లు రాసిన పిల్లకు అది మోకాలి వెనక గుంట అని, నానీ నూనె రాసేటప్పుడు చక్కిలిగింత పుట్టే చోటని తెలిస్తే ఇక మర్చిపోదు. లాటిన్ మాట పక్కన పిండ్లీ, పిక్క రాసుకోమనండి.

మూడో గుంపు ఒకటుంది. వీళ్లకు ఏతెరాజ్ లేదు, ఫఖ్ర్ ఉంది. జల్సాల్లో మైకు పట్టుకుని ‘దునియాకు తిబ్బు నేర్పింది మనమే’ అంటారు. నిజమే, చాలా నేర్పాం. మెదడును కప్పిన పొరలను అరబీ హకీములు ‘ఉమ్మ్’, అంటే తల్లి అన్నారు. లాటిన్‌లోకి తర్జుమా చేసినవాళ్లు దాన్ని ‘మేటర్’ అన్నారు. ఇవాళ ప్రపంచంలోని ప్రతి మెడికల్ కాలేజీలో ‘డ్యూరా మేటర్’ అని చదివేది ఆ తల్లినే. హిదాయాలోని ‘ఆమ్మా’ గాయం పేరు కూడా ఆ తల్లి నుంచే వచ్చింది. ఇబ్నె నఫీస్ పదమూడో శతాబ్దంలోనే గుండె కుడి గది నుంచి రక్తం ఊపిరితిత్తుల గుండా ఎడమ గదికి చేరుతుందని రాశారు.

అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ అనే ఆయన ఉన్నారు. 1200 ప్రాంతంలో మిస్ర్‌లో పెద్ద కరువు వచ్చి జనం గుట్టలుగా చనిపోయారు. ఆ ఎముకలను ఆయన వెళ్లి స్వయంగా చూశారు. కింది దవడ రెండు ఎముకలని జాలీనూస్ రాసి పెట్టాడు, అప్పటిదాకా అందరూ అదే చదివారు. బగ్దాదీ ఎన్నో పుర్రెలు చూసి, కాదు, అది ఒకటే ఎముక అని రాశారు. ఎంత పెద్ద ఉస్తాద్ అయినా కళ్లతో చూసిన దాని తర్వాతే అని ఆయన పద్ధతి. జల్సా సాబ్‌ని ఒకటే అడుగుతున్నాను. బగ్దాదీ పేరు చెప్పి తక్బీర్ కొట్టించారు, బాగుంది. మీ ఇంట్లో మీ బేటీకి తన ఒంట్లో నొప్పి ఎక్కడో చెప్పే మాటలు ఉన్నాయా?

చేయాల్సింది పెద్ద పని కాదు. ఏడేళ్లకు నమాజ్ నేర్పమన్నారు. అప్పుడు వుజూ ఎలాగూ నేర్పుతాం. అదే కూర్చోబెట్టడంలో తల నుంచి మడమ దాకా పేర్లు చెప్పండి, ఇంటి మాటలో ఒకటి, తెలుగులో ఒకటి. లోపలి భాగాల పేర్లు అబ్బాయికి అబ్బా, అమ్మాయికి అమ్మీ చెప్పాలి. అబ్బా తప్పించుకుని ‘తేరీ అమ్మీ సే పూఛ్’ అనకూడదు. హైజ్ రాకముందే హైజ్ గురించి చెప్పండి. ఉర్దూ మీడియం ఉస్తాద్‌లారా, సైన్స్ పుస్తకంలో ఆ ఒక్క పాఠం వచ్చేసరికి ‘ఘర్ పే పఢ్ లేనా’ అని పేజీలు తిప్పేయడం ఆపండి. ఇంట్లో ఎవరూ చదివించరని మీకు బాగా తెలుసు. మౌల్వీ సాబ్‌లు తహారత్ పాఠం చెప్పేటప్పుడు ఒక్క మాట కలపండి: ఈ పేర్లు చెప్పడం గునాహ్ కాదు, నొప్పి దాచిపెట్టి జాన్ మీదికి తెచ్చుకోవడం ఎవరికీ సవాబ్ కాదు.

శౌహర్ సాబ్‌లకు ఆఖరి మాట. డాక్టరు గదిలో ఆమె పక్కన కూర్చోండి, చెయ్యి పట్టుకోండి, భయం తీర్చండి. ఆమెకు తెలుగు రాకపోతే ఆమె చెప్పింది చెప్పినట్టు తర్జుమా చేయండి, తగ్గించకండి. డాక్టరు ‘ఎక్కడమ్మా నొప్పి?’ అని అడిగినప్పుడు మాత్రం మీరు నోరు మూసుకోండి. అది ఆమె ఒళ్లు. ఎక్కడో ఆమె చెబుతుంది.